పాఠకుల ప్రశ్నలు: ఇరోక్వాయ్ పూసల పని

ప్రశ్న: ఉత్తర అమెరికా ఆదివాసులైన ఇరోక్వాయ్‌ల వాంపమ్ పట్టీలు, అంటే గుల్లపూసలతో అల్లినవి, డబ్బుగా చెల్లేవట. నిజమేనా?

జవాబు: డబ్బుగా చెలామణి చేసింది 17వ శతాబ్దంలో నాణేలు దొరక్క ఇబ్బందిపడ్డ యూరప్ వలసదారులు. ఇరోక్వాయ్‌లకు, అంటే పలు జాతుల సమాఖ్య అయిన హోదెనొషోనీ ప్రజలకు, వాంపమ్ ఇచ్చిన మాటకు సాక్ష్యం. సభలో పట్టీని చేతుల్లోకి తీసుకుని, అందులో ఉన్న ఒప్పందాన్ని విప్పి చెప్పే మనిషి ఉండాలి. అతన్ని దూరం చేసి పట్టీని గాజుపెట్టెలో పెడితే మిగిలేది పూసలే. సమాఖ్య స్థాపకుల్లో ఒకరి పేరున్న హయవాతా పట్టీనే తీసుకోండి. క్వాహాగ్ ఆల్చిప్పల నుంచి చేసిన ఊదా పూసల మీద తెల్లగా నాలుగు చతురస్రాలు, నడుమ ఒక చెట్టు. చతురస్రాలు సమాఖ్యలోని మోహాక్, ఒనైడా, కయూగా, సెనెకా జాతులవి. చెట్టు ఒనొండాగాలది, సమాఖ్య సభ కూడేది వాళ్ల గడ్డ మీదే. ఆరో జాతి టస్కరోరాలు సమాఖ్యలో 18వ శతాబ్దంలో చేరారు కాబట్టి ఆరో గుర్తు లేదు. న్యూయార్క్ రాష్ట్రం ఈ పట్టీని 1989లో ఒనొండాగాలకు తిరిగిచ్చింది. ఎప్పుడో ఇవ్వాల్సింది.

ప్రశ్న: వాళ్ల పూసల కుట్టు ఉబ్బెత్తుగా ఎలా వస్తుంది? నేను కుడితే చదునుగానే ఉంటోంది.

జవాబు: పూసలు తక్కువ ఎక్కిస్తున్నారు. మఖ్మల్ ఒక్కటే అయితే సాగిపోతుంది, అడుగున మందపాటి నూలుగుడ్డ వేసి కలిపి కుట్టండి. ఆకు ఆకారంలో కాగితం కత్తిరించి పైన టాకా వేయండి. అది లోపలే ఉండిపోతుంది. సూదిని కాగితం ఒక అంచున పైకి తీసి, రెండో అంచున కిందికి దించాలి. ఆ వెడల్పుకు ఆరు పూసలు సరిపోతే ఎనిమిది ఎక్కించండి. ఎక్కువైన రెండే వరసను విల్లులా లేపుతాయి. పది ఎక్కిస్తే పక్కకు ఒరిగి కాగితం బయటపడుతుంది. వరసలు దగ్గర దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి నిలబెడతాయి. దారం మరీ బిగించి లాగితే మఖ్మల్ ముడతలు పడుతుంది. అంచు విరిగిన గాజుపూస దారాన్ని కోసేస్తుంది, ముందే ఏరి పారేయండి. దారానికి తేనెమైనం పట్టించి, నాలుగైదు వరసలకోసారి వెనక ముడి వేయండి. ఒకచోట తెగినా ఆకంతా ఊడిరాదు. 19వ శతాబ్దంలో టస్కరోరా స్త్రీలు నయాగరా జలపాతం దగ్గర యాత్రికులకు అమ్మిన గుండుసూదుల దిండ్లు ఈ పనితనమే. అమ్మకానికి చేసినవని వాటిని చులకన చేయడం పొరపాటు. అంత నేర్పు వాటిలో ఉంది.

ప్రశ్న: పిల్లలతో వాళ్ల చెక్క ముసుగుల నమూనాలు చేయించవచ్చా?

జవాబు: వద్దు. అవి రోగాలు నయంచేసే క్రతువులకు చెందినవి. ప్రదర్శించడం, నకళ్లు చేయడం సమాఖ్య పెద్దలకు సమ్మతం కాదు. బదులుగా మొక్కజొన్న పొట్టు బొమ్మలు చేయించండి. పొట్టు ఎండుగా ఉంటే మడతలో చీలుతుంది, నీళ్లలో మెత్తబడేదాకా నానబెట్టాలి. ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది గనుక మెడ దగ్గర దారం గట్టిగా కట్టాలి. ముఖం మాత్రం గీయనివ్వకండి, సంప్రదాయ బొమ్మకు అది ఉండదు.