జిమ్ ఇద్దరిదీ, జీతం మాత్రం ఎవరికీ లేదు

ప్రశ్న: మాది పాలకొల్లు. నాకు 32 ఏళ్లు. మూడేళ్ల క్రితం నేనూ మా తోడికోడలూ కలిసి మా మేడ మీద ఆడవాళ్ల కోసం చిన్న ఫిట్‌నెస్ స్టూడియో పెట్టాం. అక్క నగలు అమ్మి మూడు లక్షలు తెచ్చింది. మెషీన్ల లోన్ కూడా ఆమె పేరు మీదే ఉంది. ట్రైనింగ్ కోర్సు చేసింది నేను కాబట్టి పొద్దున రెండు, సాయంత్రం రెండు బ్యాచ్‌లూ నేనే చూస్తాను. ఇప్పుడు 62 మంది వస్తున్నారు. 47 మంది నెలకు 1,200 చొప్పున కడతారు. మిగతా 15 మంది జనవరిలోనే ఏడాదికి 12,000 కట్టేశారు. ఇల్లు అత్తగారిది, అద్దె లేదు. కరెంటు, సాయం చేసే అమ్మాయి జీతం, లోన్ వాయిదా కలిపి నెలకు 33 వేలు అవుతుంది. మిగిలింది అక్క దగ్గరే ఉంటుంది, అవసరమైతే అడిగి తీసుకుంటాను. మొన్న ఒక పెళ్లిలో అక్క ఎవరితోనో 'మా చెల్లి నా జిమ్‌లో క్లాసులు చెబుతుంది' అంది. ఇప్పుడు నరసాపురంలో రెండో బ్రాంచి పెడదామని, ఏడాది ఫీజుల డబ్బు షాపు అడ్వాన్సుకి వాడదామని అంటోంది. మా ఆయన ఇంట్లో గొడవలొద్దంటారు. మెంబర్ల నంబర్లన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి. విడిగా పెట్టుకోమంటారా? ఈ మధ్య మోకాళ్లు కూడా నొప్పిగా ఉంటున్నాయి.

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో ఒక పేజీ అంతా ఆ పెళ్లిలో అన్న మాట గురించే ఉంది. 'నా జిమ్' అంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా అక్కతో మాట్లాడేటప్పుడు దాంతో మొదలుపెట్టకండి. మొదలుపెట్టారా, ఆవిడ నగల సంగతి ఎత్తుతుంది, మీరు చెమట సంగతి ఎత్తుతారు, సాయంత్రం బ్యాచ్ వేళ దాటిపోతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. 47 మంది దగ్గర 56,400 వస్తుంది. ఏడాదికి కట్టినవాళ్ల డబ్బుని నెలలకు పంచితే ఇంకో 15,000. మొత్తం 71,400. ఖర్చులు పోను 38,400 మిగులుతుంది. దీన్నే మీ ఇంట్లో అందరూ లాభం అనుకుంటున్నారు. రోజుకి నాలుగు బ్యాచ్‌లు చెప్పే మనిషిని బయటినుంచి పెట్టుకుంటే ఎంతివ్వాలి? 18 వేలనుకుందాం. లెక్కలు, ఫీజులు, ఫోన్లు చూసే అక్క పనికి 10 వేలు. అత్తగారి మేడకి అద్దె 8 వేలు. ఈ 36 వేలూ తీసేస్తే మిగిలేది 2,400. అక్క నగల డబ్బుకి వడ్డీ ఇంకా కలపనే లేదు.

అంటే నరసాపురం బ్రాంచి ఆశ పుట్టింది లాభంలోంచి కాదు. మీకివ్వని జీతంలోంచి, అత్తగారు అడగని అద్దెలోంచి పుట్టింది. అక్కడ షాపు వాళ్లు అత్తగారిలా ఊరుకోరు కదా. ఈ లెక్క మీ అక్కకి కూడా కొత్తగానే ఉంటుందని నా అనుమానం. ఆవిడ మిమ్మల్ని మోసం చేస్తోందని నాకనిపించలేదు. వాయిదా కట్టాల్సిన తేదీ దగ్గరపడితే నిద్ర పట్టనిది ఆవిడకే. ఊళ్లో బంధువులు 'నగలు అమ్మావటగా' అని అడిగేదీ ఆవిడనే. 'నా' అన్న మాట ఆ టెన్షన్‌లోంచి కూడా రావచ్చు.

ఇక ఏడాది ఫీజుల డబ్బు. దాన్ని ముట్టుకోకండి. ఆ 15 మందికి డిసెంబరు దాకా క్లాసులు బాకీ ఉన్నారు మీరు. మోకాలి వల్ల రెండు నెలలు మంచం పట్టారనుకోండి, వాళ్లకి డబ్బు తిరిగివ్వాలి. అప్పటికి అది నరసాపురంలో షాపు యజమాని దగ్గర ఉంటుంది.

కాగితాల విషయం మీ ఉత్తరంలో ఒక్క వాక్యమైనా లేదు. లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నీ అక్క పేరు మీదే ఉంటే కాగితాల్లో అది ఆవిడ సొంత వ్యాపారమే. మీరు భాగస్వామి అని మీరే రుజువు చేసుకోవాలి. పోనీ ఇద్దరూ భాగస్వాములే అనుకుందాం. రాసుకున్న ఒప్పందం లేకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం చెప్పేది ఇద్దరికీ రుచించదు. లాభనష్టాలు చెరి సగం. పని చేసినందుకు జీతం అడిగే హక్కు ఎవరికీ లేదు. సంస్థ చేసిన అప్పుకి ఇద్దరూ బాధ్యులే, కావాలంటే మొత్తం ఒక్కరి దగ్గరే వసూలు చేయొచ్చు. నోటిమాట మీద నడుస్తున్నాం అనుకుంటాం గానీ, ఏమీ రాసుకోకపోయినా చట్టం మన తరఫున రాసేసి ఉంచుతుంది. అందుకే ఒప్పందంలో మూడు సంగతులు విడివిడిగా రాసుకోండి: ఎవరి పనికి ఎంత జీతం, ఎవరి పెట్టుబడికి ఎంత, ఒకరు మానుకుంటే లెక్క ఎలా తేల్చుకోవాలి. ఆడిటర్‌ని కలిస్తే రాసిపెడతారు. ఫర్మ్‌ని రిజిస్టర్ కూడా చేయించండి. చేయించకపోతే రేపు ఆ ఒప్పందం ప్రకారం హక్కు కోసం కోర్టుకి వెళ్లడం కష్టం. జీఎస్టీ భయం ఇప్పుడక్కర్లేదు, సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. రెండు బ్రాంచీలూ ఒకే సంస్థవైతే రాబడి కలిపి చూస్తారని మాత్రం గుర్తుంచుకోండి.

అక్కతో ఈ మాటలు వంటింట్లో వద్దు. అత్తగారి ముందు అసలే వద్దు, ఆవిడ ఏదో ఒక కోడలి పక్షం వహించాల్సి వస్తుంది. (పైన డంబెల్స్ కింద పడేస్తుంటే కింద మూడేళ్లుగా ఓర్చుకుంటున్న మనిషి! అద్దె లెక్కలో ఆవిడ వాటా తగ్గించకండి.) ఆదివారం పొద్దున ఇద్దరూ అలా కాలవగట్టు మీద నడకకి వెళ్లండి. 'అక్కా, నరసాపురం మాట తర్వాత. ముందు నీ పనికి, నా పనికి ఖరీదు కట్టుకుందాం. నీ నగలు తిరిగి ఎప్పటికి వస్తాయో కూడా చూద్దాం' అనండి. ఆవిడ నగల మాట మీ నోట వస్తే ఆ సంభాషణ తీరే మారుతుంది.

బ్రాంచి కూడదని నేననను. మెషీన్లు లేకుండా, అక్కడ ఏదైనా హాలు పూటకింత అని తీసుకుని, చాపలు, చిన్న బరువులతో మూడు నెలలు నడిపి చూడండి. ఆ మూడు నెలల్లో కార్తీకం ఉండేలా చూసుకోండి. మీకు చెప్పక్కర్లేదు, క్షీరారామం ఉన్న మీ ఊళ్లోలాగే అక్కడా కార్తీకమాసంలో తెల్లవారుజామున ఆడవాళ్లు దీపాలు పెట్టడానికి వెళతారు గానీ స్క్వాట్స్ చేయడానికి రారు. ఆ నెలలో కూడా పాతికమంది నిలిస్తే అప్పుడు షాపు సంగతి చూడొచ్చు. అక్కడ చెప్పేది మాత్రం మీరు కాకూడదు. పాలకొల్లులో నాలుగు బ్యాచ్‌లు చెప్పి నరసాపురం పరుగెత్తడానికి మీరేమైనా బస్సా? ఇంకో ట్రైనర్‌ని తయారుచేసుకున్నాకే రెండో బోర్డు.

మీవారి సంగతి. ఇంట్లో గొడవలొద్దనడం తేలిక, ఆయనెవరికీ జీతం లేకుండా పని చేయడం లేదుగా. పక్షం వహించమని అడక్కండి. పై లెక్క కాగితం మీద వేసి చూపించండి, చాలు.

ఫోన్లో ఉన్న నంబర్ల గురించి మీరు రాసిన తీరు నాకు నచ్చలేదు. ఆ మెంబర్లు మీ ఇద్దరి స్టూడియోకి వచ్చినవాళ్లు. మాట్లాడి, ఒక ఆర్నెల్లు చూసి, కుదరక విడిపోతే అప్పుడు చెప్పి విడిపోండి. చెప్పకుండా వాళ్లని లాక్కెళితే రేపు ఏ పెళ్లిలోనైనా ఆ కథ మీకంటే ముందు చేరుతుంది.

మోకాళ్లు ఈ వారమే ఎముకల డాక్టరుకి చూపించండి. ఈలోగా క్లాసుల్లో మీరు గెంతకండి. కుర్చీ వేసుకుని కూర్చుని నోటితో చెప్పండి, మీకు సాయం చేసే అమ్మాయి చేసి చూపిస్తుంది. తనకీ నేర్చుకున్నట్టు ఉంటుంది.