కుక్కపిల్లను తెస్తున్నావట

చిట్టీ,

కుక్కపిల్లను తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కుక్క మొరిగితే చాలు, నా కొంగు చాటున నక్కేదానివి. అలాంటిది ఇప్పుడు ఒక ప్రాణాన్ని పెంచుతానంటున్నావు. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో! ఆ వెంటనే భయం కూడా వేసింది. నువ్వు దాన్ని ముద్దుగా చూసుకుంటావు, అందులో నాకు అనుమానం లేదు. ఇంత ముద్దుగా చూసుకుంటున్నాం కదా, ఇక దానికేమవుతుందిలే అని ధీమాగా ఉండిపోతావేమోనని నా భయం. నేను అలాగే ఉండిపోయాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఇంటికి తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువుల డాక్టర్‌కు చూపించు. ఏ టీకా, ఏ మందు, ఏ తేదీన వేశారో ఇచ్చినవాళ్ళ చేత రాయించుకో. "అన్నీ వేయించేశాం" అన్న నోటిమాట నమ్మకు. మలం కొంచెం చిన్న డబ్బాలో పట్టుకెళ్ళు, నులిపురుగుల గుడ్లు కంటికి కనపడవు. పిడుదులకు, దోమకాటుతో గుండెలో చేరే పురుగులకు నెలనెలా ఏ మందు వాడాలో అడుగు. దాని బరువును బట్టి మోతాదు మారుతుంది కాబట్టి పిల్ల ఎదిగేకొద్దీ తూచి మరీ వేయాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్నది జాతిని బట్టి, ఒంటి తీరును బట్టి డాక్టర్ చెబుతారు.

టీకాల సంగతి మాత్రం కాస్త నిదానంగా చదువు. పిల్లకు తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. అది ఒంట్లో ఉన్నంతకాలం మనం వేయించిన టీకాను సరిగా పనిచేయనివ్వదు. ఏ పిల్లలో అది ఎప్పుడు తగ్గుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున వేస్తారు. రెండు పడ్డాయి కదా అని చివరిది మానేస్తే, అసలు పట్టాల్సిన టీకానే మానేసినట్టు కావచ్చు. అవన్నీ పూర్తయ్యేదాకా ముక్కూమొహం తెలియని కుక్కలు తిరిగే నేల మీద దాన్ని దించకు. కుక్కపిల్లలకు రక్తవిరేచనాలు తెచ్చి ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. క్లినిక్‌లో కూడా ఒళ్ళోనే కూర్చోబెట్టుకో. అలాగని ఇంట్లోనే బంధించకు. ఎత్తుకుని బయట తిప్పు, మనుషుల్ని చూడనీ, చప్పుళ్ళు విననీ.

రేబీస్ టీకా మామూలుగా 12 వారాలు నిండాక వేస్తారు. దానికి వాయిదా అన్న మాటే ఉండకూడదు. మనుషులకు రేబీస్ వచ్చిన కేసుల్లో నూటికి 99 దాకా కుక్కల వల్లే. లక్షణాలు బయటపడ్డాక బతికి బయటపడినవాళ్ళు లేరన్నా తప్పు లేదు.

ఇక చుక్కి గురించి చెప్పాలి. నువ్వు పుట్టకముందు మా ఇంట్లో ఉండేది. నుదుటి మీద బొట్టంత తెల్లమచ్చ, అందుకే ఆ పేరు. దానికి ఆరేళ్ళప్పుడు డాక్టర్ గారు, "పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బుల టీకాలు ఇక మూడేళ్ళకొకసారి చాలు, కానీ ఏటా తీసుకొచ్చి చూపించండి" అన్నారు. రెండు ముక్కలు చెప్పారు, నాకు మొదటిదే చెవికెక్కింది. చుక్కికి కారెక్కితే వణుకు. క్లినిక్ గుమ్మం కనపడగానే నా భుజం మీదికి పాకేది. ఇంజెక్షన్ లేనప్పుడు దీన్ని ఊరికే బాధపెట్టడం ఎందుకని మానేశాను. అది జాలి అనుకున్నాను, చిట్టీ. ఇంట్లోనే వేసుకునే మందులన్నీ తప్పకుండా వేశాను, ఒళ్ళు దువ్వాను, దాని పక్కనే పడుకున్నాను. డాక్టర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు. రెండేళ్ళు దాటింది.

దాని నీళ్ళగిన్నె పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపేదాన్ని. అది మూడుసార్లయింది, తర్వాత నాలుగు. ఎండలు కదా అనుకున్నాను. ఎండలు పోయాక కూడా అర్ధరాత్రి చీకట్లో చప్, చప్ మని అది నీళ్ళు తాగే చప్పుడు నాకు నిద్రలో వినిపించేది. వింటూనే పక్కకు తిరిగి పడుకునేదాన్ని. దాని మెడపట్టీ తోలుది. ఎప్పుడూ పెట్టే బెజ్జం సాగి సాగి కోలగా అయిపోయింది. అది వదులైందని పక్క బెజ్జంలోకి నేనే మార్చాను. కొన్ని నెలలకు ఆ పక్కదానిలోకి. నా చేత్తోనే రెండుసార్లు బిగించాను, తోలు సాగిందనుకుని. ఇంటికొచ్చినవాళ్ళు "సన్నబడి ఎంత బాగుందో" అంటే సంతోషపడ్డాను కూడా.

ఒకరోజు గిన్నెలో తిండి వాసన చూసి వెనక్కి తిరిగింది. మర్నాడూ అంతే. అప్పుడు పరుగెత్తాను. తూకం మీద నిలబెడితే 18 కిలోలు. పాత కార్డులో 22 ఉంది. ప్రతిరోజూ ఒళ్ళు నిమిరే నాకు నాలుగు కిలోలు తగ్గిన సంగతి తెలియలేదు. కొంచెం కొంచెంగా తగ్గేది రోజూ చూసే కంటికి ఆనదని అప్పుడు తెలిసింది. రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. కిడ్నీల పనిలో నాలుగింట మూడొంతులు పోతే గానీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) మామూలు హద్దు దాటదట. అంతకుముందే మూత్రం పలచబడటం, బరువు తగ్గడం మొదలవుతాయి. ఏటేటా అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, హద్దు దాటకముందే పెరుగుదల కనిపెట్టే వీలుంటుంది.

"పోయినేడాది రిపోర్టు ఉందా అమ్మా?" అని అడిగారు డాక్టర్ గారు. మందలించలేదు. కాగితం కోసం చెయ్యి చాపారు, అంతే. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

వేరే తిండి పెట్టాం, సెలైన్ ఎక్కించాం. ఐదు నెలలు బతికింది. ముందే కనిపెట్టి ఉంటే పూర్తిగా నయమయ్యేదని ఎవరూ అనలేదు, నేనూ అనుకోను. కానీ తిండి మార్చి, మందులు వాడి ఇంకొంతకాలం దాన్ని హాయిగా ఉంచగలిగేవాళ్ళం. ఆ కాలం నా వల్లే పోయిందన్నది ఇన్నేళ్ళయినా మనసులోంచి పోలేదు.

అందుకే చెబుతున్నాను. ఇంజెక్షన్ ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి వెళ్ళు. ఏడేళ్ళు దాటాక ఆరు నెలలకోసారి. పెద్దజాతి అయితే ఇంకా ముందు నుంచే. డాక్టర్ పెదవి పైకెత్తి పళ్ళ గార, చిగుళ్ళు చూస్తారు, గుండె వింటారు, పొట్ట నొక్కి చూస్తారు, చర్మం కింద గడ్డలున్నాయేమో తడుముతారు. బాగున్నప్పుడు ఇవన్నీ ఎలా ఉన్నాయో కాగితం మీద ఉంటేనే బాగోలేనప్పుడు తేడా తెలుస్తుంది. ఇంట్లో నెలకోసారి దాన్ని ఎత్తుకుని తూకం ఎక్కి, నీ బరువు తీసేసి రాసుకో. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి. కొవ్వు కింద మునిగిపోకూడదు, మరీ పొడుచుకురాకూడదు. నీళ్ళగిన్నె ఎన్నిసార్లు నింపుతున్నావో గమనించు.

చుక్కిలా భయపడకుండా దీన్ని ఇప్పటి నుంచే అలవాటు చెయ్యి. రోజూ పాదాలు పట్టుకో, చెవులు తిప్పి చూడు, నోరు తెరిపించి ఏదైనా ఇష్టమైనది పెట్టు. అప్పుడప్పుడూ ఏ పనీ లేకపోయినా క్లినిక్‌కు తీసుకెళ్ళి, తూకం ఎక్కించి, అక్కడివాళ్ళ చేత ఒక బిస్కెట్ ముక్క పెట్టించి తీసుకొచ్చెయ్యి. ఒళ్ళు వెచ్చగా ఉందని మన పారాసిటమాల్ గానీ నొప్పిమాత్ర గానీ పొరపాటున కూడా వెయ్యకు. కుక్క ఒంటి వేడి మామూలుగానే మనకంటే ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది.

పన్నునొప్పి వారం రోజులు దాచి, బుగ్గ వాచాక మీ అమ్మకు చెప్పావు. గుర్తుందా? ఆ రోజు నిన్ను గట్టిగా తిట్టాను. తిట్టి, రాత్రంతా నీ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఎనిమిదో రోజుకైనా చెప్పావు. అది ఎప్పటికీ చెప్పదు, తల్లీ. "చూద్దాంలే, రేపు తగ్గుతుంది" అన్న మాట నీ నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు. దాని విషయంలో ఆ మాట అనకు. తిండి మానేసినా, వాంతులు ఆగకపోయినా, మూలన నక్కినా డాక్టర్‌కు వెంటనే ఫోన్ చెయ్యి. తర్వాత నాకు చెయ్యి.

చుక్కి తర్వాత పెంచుకున్నవాటికి తేదీలు, తూకాలు, టీకాలు రాసుకున్న నా పుస్తకం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి. వెనక అట్టలో చుక్కి మెడపట్టీ పెట్టాను, బెజ్జాలు చూడు. పిల్లకు ఏం పేరు పెడతావో ఆ ఖాళీ పేజీ పైన రాసి, మొదటి రోజు ఎంత తూగిందో రాత్రికి నాకు ఫోన్ చేసి చెప్పు. ఎంత పొద్దుపోయినా సరే, మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ