గేటు బయట ఏముందో ముందు చూడండి

నాన్నా, అమ్మాయ్, భార్యాభర్తలిద్దరూ కలిసే చదవండి. ఒకరు చదివి ఇంకొకరికి చెప్తే సగం మిస్సవుతుంది, ఆ మిస్సయిన సగం గురించే తర్వాత గొడవలొస్తాయి.

కొందామని మీరు పంపిన మూడిళ్ల ఫొటోలూ చూశాను. మూడూ బాగున్నాయి, అమ్మేవాళ్లు తీయించిన ఫొటోలు బాగోకుండా ఎలా ఉంటాయి. హాలు ఎంతుందో, వంటింట్లో అరలెన్నున్నాయో, బాల్కనీలోంచి ఏం కనిపిస్తుందో అన్నీ ఉన్నాయి గానీ గేటు దాటాక ఏముందో ఒక్కదాంట్లోనూ లేదు. పిల్లల పెంపకం సగం జరిగేది ఆ గేటు బయటే. లోపలిది మీ చేతిలో పని. నచ్చకపోతే రంగు మార్చుకుంటారు, డబ్బులు చేతికొచ్చినప్పుడు వంటిల్లు బాగు చేయించుకుంటారు. ఆఫీసు దూరం, స్కూలు దూరం, పక్కనున్న పెద్ద రోడ్డు, ఇవి ఎంత డబ్బు పోసినా మారవు. మార్చలేనివి ముందు చూసుకోండి, మిగతావి తర్వాత.

దానికంటే ముందు, అసలు ఇప్పుడే కొనాలా అన్నది తేల్చుకోండి. అద్దె కడితే డబ్బు బూడిదలో పోసినట్టే అని అందరూ అంటారు. మరి లోను మీద కట్టే వడ్డీ ఎక్కడికి పోతోంది? లెక్క చూడండి. 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోను తీసుకుంటే మొత్తం మీద కట్టేది తీసుకున్నదానికి రెట్టింపు. మొదటి ఏడాది ఈఎంఐల్లో దాదాపు 80 శాతం వడ్డీకే పోతుంది. ఐదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాక చూసుకున్నా అసలులో ఎనిమిదో వంతే తీరి ఉంటుంది. రిజిస్ట్రేషన్, కమిషన్, లోను ఫీజులు ఇవన్నీ కాక. ఇవి కొనేటప్పుడే చేతిలోంచి పోతాయి, ఆ ఇంట్లో మూడేళ్లున్నా ముప్పై ఏళ్లున్నా ఒకటే. కాబట్టి నాలుగైదేళ్లలో ఉద్యోగం ఇంకో ఊరికి మారే అవకాశం ఉంటే కొనొద్దు, హాయిగా అద్దెకుండండి, నలుగురూ ఏమన్నా పట్టించుకోకండి. పదేళ్లు కదలం అనుకుంటేనే కొనండి. వీలైతే, ఏ ఏరియా నచ్చిందో అక్కడే ఒక ఏడాది అద్దెకుండి చూడండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, స్కూళ్లు తెరిచే రోజుల ట్రాఫిక్, అన్నీ చూశాక మీకే తెలుస్తుంది, ఎవరి సలహా అక్కర్లేదు.

ఇక దూరం సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం ఏజెంటు కారులో తీసుకెళ్లి అరగంటలో చేరిపోయాం చూశారా అంటాడు. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి మీ బండి మీద మీరు వెళ్లండి, సాయంత్రం ఆఫీసు అయ్యాక మళ్లీ అక్కడికి వెళ్లండి, ఒక వాన రోజు కూడా చూడండి. ఒక్కో వైపు అరగంట ఎక్కువైతే రోజుకి గంట. ఏడాదికి 240 పని దినాలనుకుంటే 240 గంటలు, అంటే పగలూ రాత్రీ కలిపి పది రోజులు. ఇది ఒక్కరికి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు కదా, మీరే గుణించుకోండి.

2004లో డేనియల్ కానెమన్ అనే మనస్తత్వవేత్త, ఆయనతో పనిచేసేవాళ్లు టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే తొమ్మిది వందల మందికి పైగా ఆడవాళ్లని, నిన్న ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో రాయమన్నారు. రోజంతటిలో అన్నిటికంటే అడుగున నిలిచింది పొద్దున్నే ఆఫీసుకి వెళ్లే ప్రయాణం. వంటపని, ఇంటిపని కూడా దానికంటే నయం అన్నారట! బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్సర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ లెక్కలు తీసి చూస్తే, దూరం వెళ్లొచ్చేవాళ్లకి దానికి బదులుగా మంచి ఇల్లో ఎక్కువ జీతమో దక్కి సరిపోతుందని అనుకుంటామే, అలా సరిపోవడం లేదని, వాళ్ల తృప్తి తక్కువగానే ఉందని తేలింది. నాకు దీంట్లో ఆశ్చర్యమేమీ లేదు. పెద్ద గదికి రెండు నెలల్లో అలవాటు పడిపోతాం, తర్వాత అది కంటికి కూడా ఆనదు. ట్రాఫిక్ ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది, దానికి అలవాటు పడటమంటూ ఉండదు.

అమ్మాయ్, ఇది నీకు విడిగా చెప్తున్నాను, వాడు కూడా వింటే మంచిదే. ఇల్లు వాడి ఆఫీసుకి దగ్గర, నీ ఆఫీసుకి దూరం అయ్యిందనుకో, పాపకి జ్వరమొస్తే స్కూలు నుంచి ఫోన్ ఎవరికి వస్తుంది? నీకే. గంటన్నర దూరంలో ఉండి ఆ ఫోన్లు ఎత్తుకుంటూ ఎన్నాళ్లు లాగుతావు? తర్వాత ఎవరూ నిన్ను మానెయ్యమనరు, నువ్వే "ఇక నావల్ల కాదు" అని మానేస్తావు. అప్పుడందరూ అది నీ ఇష్టం అంటారు. ఆ నిర్ణయం మాత్రం ఇల్లు కొన్న రోజే జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇద్దరి ఆఫీసుల దూరమూ కాగితం మీద రాసి, పిల్లల్ని దింపేది ఎవరు, తెచ్చేది ఎవరు అన్నది కూడా పక్కనే రాసి, అప్పుడు మాట్లాడుకోండి.

పిల్లల ప్రయాణం ఇంకా ముఖ్యం. నేను టీచరుగా ఉన్నన్నాళ్లూ, మొదటి పీరియడ్‌లో తూగేది ఎవరని అడిగితే క్లాసులోకి వెళ్లకుండానే చెప్పేదాన్ని. బస్సు రూటులో చివరి స్టాపు వాళ్లు. అందరికంటే ముందు ఎక్కాలి, అందరికంటే ఆఖర్న దిగాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే డాక్టర్లు చెప్తారు, 13 దాటాక 8 నుంచి 10. బస్సు ఆరుంపావుకి అయితే ఐదున్నరకి లేపాలి. పది గంటలు పడుకోవాలంటే రాత్రి ఏడున్నరకే నిద్రపోవాలి. మీరు ఇల్లు చేరేది ఎనిమిదికి! నిద్రన్నా తగ్గాలి, అమ్మానాన్నల మొహం చూడటమన్నా తగ్గాలి. ఆ పెద్ద హాలు ఇందులో దేన్నీ తిరిగివ్వదు.

ఇప్పుడు వీధి. 1960ల చివర్లో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ఒకేలా ఉండే మూడు వీధులు తీసుకుని చూశారు. ఒకదాంట్లో రోజుకి 2,000 బండ్లు తిరుగుతాయి, ఒకదాంట్లో 8,000, ఇంకోదాంట్లో 16,000. బండ్లు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉన్నారు. ఎక్కువున్న దాంట్లో సగటున ఒక్కరు కూడా లేరు. మనుషులు వేరే రకం వాళ్లని కాదు, రోడ్డు దాటి అవతలికి వెళ్లాలంటేనే చికాకైతే పక్కింటి వాళ్లతో పరిచయం ఎలా అవుతుంది? ఆఫీసులో ఆలస్యమైనప్పుడు పిల్లల్ని ఓ గంట కూర్చోబెట్టుకునే పక్కిల్లు ఉండటం ఎంత పెద్ద ఆసరానో చిన్నపిల్లలున్న వాళ్లని అడగండి.

బండ్లు ఎన్ని తిరుగుతున్నాయన్నదే కాదు, ఎంత వేగంగా పోతున్నాయన్నది కూడా నిలబడి చూడండి. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు పిల్లని చూసి బ్రేకు వేసి ఆగేసరికి 13 మీటర్లు పోతుంది. 50 మీద అయితే 28 మీటర్లు. అంటే మెల్లగా వచ్చే కారు పూర్తిగా ఆగిపోయిన చోట, ఆ రెండోవాడు అప్పుడే బ్రేకు మీద కాలు పెడుతూ ఉంటాడు. మీ పాపకి ఇప్పుడు ఆరేళ్లు. నాలుగేళ్లు పోతే పదేళ్లది. పదేళ్ల పిల్ల ఒక్కతే నడిచి స్నేహితురాలింటికో, పార్కుకో, మూల షాపుకో వెళ్లి రాగలదా? ఏ ఇల్లు చూసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. వెళ్లగలిగితే ఆ పిల్ల చిల్లర లెక్కపెట్టుకోవడం నేర్చుకుంటుంది, దారి గుర్తుపెట్టుకుంటుంది, పెద్దవాళ్లతో మాట్లాడటం నేర్చుకుంటుంది, మీరేమీ నేర్పక్కర్లేకుండా. వెళ్లలేకపోతే వాళ్లకి పద్దెనిమిదేళ్లొచ్చేదాకా మీరిద్దరూ డ్రైవర్లే, ప్రతి డాన్స్ క్లాసుకీ ప్రతి బర్త్‌డే పార్టీకీ.

బ్రోషర్‌లో "పిల్లల ఆటస్థలం" అని ఉంటుంది. అది చూసి మురిసిపోకండి. సాయంత్రం ఐదున్నరకి వెళ్లి అందులో పిల్లలున్నారో లేదో చూడండి. జారుడుబల్ల కొత్తగా మెరుస్తూ ఉందంటే ఎవరూ ఎక్కడం లేదనే అర్థం. బయట తిరగడం ఆటకే కాదు, కళ్లకీ కావాలి. చైనాలోని గ్వాంగ్జౌలో ఆరేళ్ల పిల్లలకి స్కూల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపేలా చేసి మూడేళ్లు చూశారు. అలా గడిపిన వాళ్లలో కొత్తగా దూరపు చూపు తగ్గినవాళ్లు 30 శాతం, మామూలుగా ఉన్నవాళ్లలో 40 శాతం. 2015లో వచ్చింది ఈ ఫలితం. నడిచి వెళ్లే స్కూలూ, బండ్లు తక్కువున్న వీధీ ఉంటే ఆ 40 నిమిషాలు వాటంతటవే వస్తాయి, ప్రత్యేకంగా తీసుకెళ్లక్కర్లేదు.

స్కూలు పేరు చూసి ఇల్లు కొనొద్దు, చాలామంది చేసే పని ఇదే. ప్రిన్సిపాల్ మారితే మూడేళ్లలో స్కూలు మారిపోతుంది. మార్కులు బాగా రావడంలో స్కూలు గొప్పదనం ఎంత, ముందే చదివే పిల్లల్ని ఏరి చేర్చుకోవడం ఎంత అన్నది బయటివాళ్లకి తెలియదు. పది కిలోమీటర్ల అవతల పేరు మోసిన స్కూలు కంటే, నడిచి వెళ్లే దూరంలో టీచర్లు తరచూ మారని ఒక మాదిరి స్కూలు నాకు మేలనిపిస్తుంది. అక్కడ ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారని ఇద్దరు ముగ్గురు టీచర్లని అడిగితే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

చోటు ప్రభావం పిల్లల మీద నిజంగా ఉంటుందా అని అడిగావు కదా నాన్నా. ఉంటుంది. అమెరికాలో 1994లో మొదలైన ఒక ప్రయోగంలో, బాగా పేదరికమున్న ఇళ్ల సముదాయాల్లో ఉండే కుటుంబాల్ని లాటరీ తీసి కొందరిని పేదరికం తక్కువున్న చోటికి వెళ్లనిచ్చారు. రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లలు పెద్దయ్యాక చూశారు. 13 ఏళ్లు నిండకముందే మారిన పిల్లలు ఇరవైల మధ్యకి వచ్చేసరికి, మారని వాళ్లకంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. 13 దాటాక మారిన వాళ్లకి మేలేమీ కనిపించలేదు, కాస్త నష్టమే జరిగినట్టుంది. ఇది చూసి "అయితే డబ్బున్నవాళ్లుండే ఏరియాలో అప్పు చేసైనా కొనాలి" అనేవాళ్లుంటారు, వినకండి. ఆ పిల్లలు వచ్చింది ఎంత కష్టమైన చోటు నుంచో చూడాలి, మీరున్నది అలాంటి చోటు కాదు. దీంట్లో మీరు తీసుకోవాల్సింది వయసు సంగతి. మారదలుచుకుంటే పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే మారండి, పెద్దది హైస్కూలుకి వచ్చాక కదిలించొద్దు. ఆ వయసులో స్నేహితులు పోవడం చాలా పెద్ద దెబ్బ.

మిగతావి గబగబా చెప్తాను. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండే వాళ్లని వాన పడితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని అడగండి, వాళ్లకి ఇల్లు అమ్ముకోవాల్సిన పని లేదు కాబట్టి నిజం చెప్తారు. పెద్ద రోడ్డుకి ఆనుకుని ఉన్న ఇల్లు వద్దు. బండ్ల పొగ రోడ్డు పక్కనే ఎక్కువ, కొన్ని వందల మీటర్లు లోపలికి వస్తే బాగా తగ్గుతుంది. రాత్రి రోడ్డు చప్పుడు 45 డెసిబెల్స్ దాటకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ కోసం చెప్పింది, అది మన చెవులకీ వర్తిస్తుంది. పడకగది కిటికీ తెరిచి రాత్రి పదకొండింటికి ఓసారి నిలబడి వినండి. మీ అమ్మ మోకాళ్లు రేపు ఎలా ఉంటాయో కూడా మనసులో పెట్టుకోండి, లిఫ్టు లేని మూడో అంతస్తు ఆమెకి జైలు అవుతుంది.

మీ మూడింట్లో నా ఓటు రెండోదానికి. చిన్నది, పాతది, బాత్రూములు చూస్తే నాకూ నవ్వొచ్చింది. కానీ స్కూలు నడిచి వెళ్లే దూరం, ఇద్దరి ఆఫీసులూ సుమారు ఒకే దూరం. మొదటిది ఎంత విశాలంగా ఉన్నా దూరం మిమ్మల్ని తినేస్తుంది, మూడోది పెద్ద రోడ్డు మీదే ఉంది. రెండోదానికి కూడా అప్పుడే ఊ అనెయ్యకండి. ఒక పని రోజు పొద్దున, సాయంత్రం వెళ్లండి, పాపని తీసుకెళ్లి స్కూలు దాకా దాని అడుగులతో నడిపించి చూడండి. పై అంతస్తులో కుళాయి తిప్పి చూడండి, నీళ్లు సన్నగా వస్తే ఎందుకో కనుక్కోండి. కాగితాలు మీ లాయరుకే చూపించండి, అమ్మేవాళ్లు చూపించిన లాయరు వద్దు, బ్యాంకు వాళ్లు చూశారు కదా అని ఊరుకోవడమూ వద్దు. బ్యాంకు చూసుకునేది దాని అప్పు క్షేమం. మీ లాయరు చూసి సరే అనేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు, "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు" అని తొందరపెడితే రానివ్వండి.

మీ పెద్దమ్మ