పండక్కి చేత్తో కుట్టినవి ఇవ్వాలంటే తీరిక కోసం చూడకండి, హాల్లో చాప పరవండి

ప్రశ్న: ఉద్యోగం, రెండేళ్ల పాప, అత్తమామలతో కలిసి ఉండే ఇల్లు. ఈ సంక్రాంతికి మావాళ్లందరికీ నేనే అల్లిన స్వెట్టర్లు, కుట్టిన బొంతలు ఇవ్వాలని ఉంది. సంసారం చూసుకుంటూ ఇలాంటివి చేసేవాళ్లు టైం ఎలా సర్దుకుంటున్నారు?

మాది విజయనగరం. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను, ఆయనది రైల్వేలో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో అత్తగారు, మావగారు, ఇద్దరు పిల్లలు. ఏటా పెద్ద పండక్కి ఎవరో ఒకరికి మా ఇంట్లో చేత్తో చేసిందే ఇస్తాం. అందుకే మీ ప్రశ్న చూడగానే ఆగలేకపోయాను.

ముందు ఆ "అందరికీ" అన్న మాట తీసెయ్యండి. ఏడాదికి ఒక ఇల్లు, ఒక వస్తువు, అంతే. ఈ ఏడు ఆడపడుచుకి, వచ్చే ఏడు అక్కకి, ఆపై ఏడు చిన్నాన్నగారి ఇంటికి. మిగతావాళ్లకి బట్టల షాపులున్నాయి కదా, అక్కడే కొనండి, ఎవరూ ఏమీ అనుకోరు. పదిమందికి పది మొదలుపెట్టి ధనుర్మాసం వచ్చేసరికి పది సగాలు మిగిల్చుకున్నవాళ్లని చాలామందిని చూశాను. ఆ సగాలు బీరువా అడుగుకి చేరి మళ్లీ పైకి రావు.

రెండోది టైం సంగతి. పిల్లలు పడుకున్నాక, గిన్నెలు తోముకున్నాక, రేపటి కూర తరిగి పెట్టుకున్నాక కాస్త తీరిక దొరుకుతుంది, అప్పుడు కూర్చుందాం అనుకుంటాం. ఆ తీరిక రాదు. ఒకవేళ వచ్చినా కళ్లు లాగేస్తుంటే వేసిన కుట్టు మర్నాడు విప్పుకోవాల్సిందే. గదిలో తలుపేసుకుని గుట్టుగా కుట్టి పండగనాడు అందర్నీ ఆశ్చర్యపరుద్దాం అనుకుంటే అసలే అవ్వదు. పని ఇంటి నడిమధ్యలో ఉండాలి, వచ్చేపోయేవాళ్ల కాళ్లకి తగలాలి. మా ఇంట్లో పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగిన వారం నుంచి హాల్లో చాప పడుతుంది, భోగి దాకా తియ్యం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను కాబట్టి అక్కడి నుంచి దాదాపు మూణ్ణెల్లు చేతిలో ఉంటాయి. నాగులచవితి దాటాక కొత్త పని ఒప్పుకోను, ఎవరడిగినా సరే.

ఈ చాప సంగతి నాకు బాగా తెలిసొచ్చింది మా ఆడపడుచు కూతురి మొదటి సంక్రాంతికి. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. పాపకి భోగిపళ్లు ఇక్కడే పోయాలని పట్టుబట్టి వచ్చారు. పాపకోసం చిన్న బొంత తలపెట్టాను. పైకి మా అత్తగారి పాత నేత చీర, లోపలికీ అడుగుకీ మావగారి పాత పొందూరు పంచెలు. పొందూరు ఖద్దరు ఎంత ఉతికితే అంత మెత్తబడుతుంది. అక్కడి ఆడవాళ్లు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చెత్తా నలుసూ పోగొట్టి, ఆ తర్వాత గానీ వడకరు. అలాంటి బట్ట పసిపిల్ల ఒంటి కింద వెయ్యడానికి కాకపోతే ఇంక దేనికి?

పరీక్ష పేపర్లు దిద్దే పని మీద పడి, భోగి ముందురోజుకి బొంతకి పొరలు జరక్కుండా వేసే టాకాలు మాత్రమే పడ్డాయి. అసలు కుట్టు మొదలవ్వలేదు. ఇంట్లో చూస్తే అరిసెల పాకం పొయ్యి మీద, తడిపిండి పళ్లెంలో. తడిపిండి ఆరిపోతే అరిసెలు విరిగిపోతాయి, అది ఆగేది కాదు. చుట్టాల పిల్లలు ఇల్లంతా పరుగులు. బొంత చాప మీదే పడి ఉంది. "పండగ పూట ఇంటినిండా సూదులేటమ్మా, గుంటలు తిరుగుతున్నారు!" అని అత్తగారు ఒకటే గొడవ.

మావగారు మంచం మీద కూర్చుని అంతా చూస్తున్నారు. ఆయన జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టే సెక్షన్లో చేసి రిటైరయ్యారు. "ఇలాగియ్యమ్మా, మిల్లులో ఎన్ని సంచులు కుట్టాను, ఇదేపాటి?" అని దిగొచ్చి చాప మీద కూర్చున్నారు.

ఆయన పనితనం దగ్గరగా చూడాలి. ముందు దారాన్ని కొవ్వొత్తి మీంచి రెండుసార్లు లాగారు. మైనం పట్టిన దారం మెలిపడదు, పొరల్లోంచి సాఫీగా జారిపోతుంది. దారం చివర ముడి వెయ్యలేదు. అంచుకి కొంచెం లోపలగా సూది దించి, వెనక్కి రెండు కుట్లు వేసి, మిగిలిన తోకని పొరల మధ్యకి తోసేశారు. "ముడి ఎయ్యకూడదు. బిడ్డ ఒంటికి ఒత్తుకుంటాది" అన్నారు. మనం సూదిని వేలికొసతో తోస్తాం, ఆయన అరచేతిలో పాత తోలుముక్క పెట్టుకుని అరచేత్తోనే తోశారు. స్కేలు లేదు, చాక్‌పీసు గీత లేదు. ఒక్కో కుట్టు కాస్త ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి, ఒకే ఎడంతో పడుతూ పోయింది.

అది చూసి అత్తగారు ఊరుకుంటారా? తను రెండోవైపు కూర్చున్నారు. "గోనెసంచి కాదది. కుట్లు దగ్గిరగా పడాల" అని ఆవిడ. "మరీ దగ్గిరగా కుడితే బొంత బిగిసిపోద్ది" అని ఆయన. నిజానికి ఇద్దరూ కరెక్టే. అంచు దగ్గర కుట్లు ఒత్తుగా ఉండాలి, నడుమ ఎడంగా ఉంటేనే బొంత మెత్తగా పడుతుంది. ఇద్దరికీ సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనదు. ఆ పని మా పెద్దది తీసుకుంది, ఇద్దరి మధ్యా కూర్చుని వరసగా సూదులు ఎక్కిస్తూ. చిన్నవాడికి సూదుల డబ్బా కాపలా: లోపలికి ఎన్ని వెళ్లాయో, బయట ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పాలి. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి, అడక్కుండానే ఇస్త్రీపెట్టె తీసి పైపొర ముడతలు సాపు చేశారు. ఆ రాత్రి నేను సూది పట్టనే లేదు. నా చేతుల్లో ఉన్నవి అరిసెల చెక్కలు. బొంత మాత్రం పూర్తయింది.

భోగిపళ్లు పోశాక పాపని ఆ బొంత మీద పడుకోబెట్టాం. మా ఆడపడుచు అంచు పట్టుకుని చూసి, "ఇది నాన్న కుట్టు" అంది. ఎవరం చెప్పలేదు. తన చిన్నప్పుడు స్కూలు సంచి చిరిగితే ఆయన ఈ కుట్టే వేసేవారట, ఈ ఏటవాలే. అదే నేను ఒక్కదాన్నే తలుపేసుకుని కుట్టి ఇచ్చుంటే మా ఆడపడుచుకి తండ్రి కుట్టు ఎక్కడ దొరికేది?

అదే రోజు వచ్చిన చుట్టాల్లో ఒకావిడ బొంత తిరగేసి చూసి, "ఇలాంటివి ఆన్‌లైన్లో మూడొందలకి వచ్చేస్తున్నాయి కదా, ఎందుకమ్మా ఇంత శ్రమ" అంది. అక్కడితో ఆగలేదు. "మాకూ ఒకటి కుట్టిపెట్టు, సాయంత్రాలు ఖాళీయే కదా" అంది. మూడొందలదే అనిపిస్తే అదే కొనుక్కోవచ్చుగా! ఈ "ఖాళీయే కదా" అన్న మాట మీద నాకు చాలా కోపం. ఆడమనిషి చేతిలో సూదో క్రోషియా కొక్కెమో కనిపిస్తే చాలు, పనిలేక కూర్చుందని లెక్క వేసేస్తారు. నర్సాపురం లేసు అల్లేవాళ్ల మీద జర్మనీకి చెందిన సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం వేసింది. రోజూ గంటల తరబడి అల్లి, ఆ సరుకు విదేశాలకి వెళ్తున్నా, వాళ్లని ఇంట్లో ఉండే గృహిణులు, తీరిక వేళ అల్లుకుంటారు అనే లెక్కలోనే పెట్టి కూలి ఎంత తక్కువ ఇచ్చారో అందులో ఉంది. నలభై ఏళ్లు దాటినా మన చుట్టాల లెక్క మారలేదు. మీకూ ఈ మాట వినపడుతుంది. మొహమాటపడి ఒప్పుకోకండి. ఒక్కరికి ఒప్పుకుంటే వీధంతా వస్తుంది.

ఇక అల్లిక సంగతి. ఇంట్లో రెండేళ్ల పాప ఉందన్నారు. స్వెట్టర్ మొదలుపెడితే రెండు సూదుల మీద వందకి పైగా కుట్లు వేలాడుతూ ఉంటాయి. పాప వచ్చి ఒక్క సూది లాగిందంటే వరసలకి వరసలు జారిపోతాయి. క్రోషియాకి ఆ బాధ లేదు. ఎప్పుడు చూసినా కొక్కేనికి ఒక్క ఉచ్చే ఉంటుంది. పాప ఏడిస్తే దాన్ని కాస్త పెద్దది చేసి వదిలేసి లేవచ్చు, తిరిగొచ్చి అక్కడి నుంచే అందుకోవచ్చు. పాప కాస్త పెద్దయ్యేదాకా సూదుల జోలికి పోకుండా క్రోషియాతో టోపీలో, చిన్న దుప్పటో అల్లుకోండి.

స్వెట్టరే కావాలంటే ముందు 10 సెంటీమీటర్ల ముక్క అల్లి, అందులో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. చాలామంది ఈ పని చెయ్యరు. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు అనుకుని, 60 సెంటీమీటర్ల ఛాతీకి 120 కుట్లు ఎక్కించారనుకోండి. మీ చేయి కాస్త బిగువై 22 పడుతుంటే ఆ స్వెట్టర్ 54న్నర దగ్గర ఆగిపోతుంది. పిల్లాడి తల దూరుతుంది, ఒళ్లు దూరదు. ఈ లెక్క నేను ఏడో క్లాసులో నిష్పత్తి పాఠానికి ఇస్తాను. అమ్మ అల్లే పిల్లలు ఇట్టే చేసేస్తారు.

ఇంకొక మాట, ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. బజార్లో ఊలు అని ఇచ్చే ఉండల్లో చాలామటుకు ఆక్రిలిక్. చలికి బాగానే ఉంటుంది, వాషింగ్ మెషిన్లో వేసినా పాడవ్వదు, కానీ మంటకి కరిగి ఒంటికి అంటుకుపోతుంది. సంక్రాంతికి అల్లిన స్వెట్టర్ పిల్లలు మొట్టమొదట వేసుకునేది భోగి తెల్లారుజామున, మంట దగ్గరే. అది ఏ దారమో మీకు తెలియకపోతే చిన్న దారప్పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని, పళ్లెం మీద కాల్చి చూడండి. ఆక్రిలిక్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకడుతుంది. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వేసి, చిదిమితే పొడైపోతుంది. నూలు కాగితంలా కాలి బూడిద రాలుతుంది. నూలుకీ మంట త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఏ బట్టయినా పిల్లల్ని భోగి మంటకి దూరంగానే నిలబెట్టండి. ఆక్రిలిక్ స్వెట్టర్ అయితే మాత్రం అక్కడికి వెయ్యనే వద్దు. మా పిల్లలకి పిడకల దండ మంటలో వేసే ముందు స్వెట్టర్ విప్పించేస్తాను, చలి అని ఏడ్చినా సరే.

మీరైతే ఈ ఏడు చిన్న బొంత ఒక్కటే పెట్టుకోండి. మీ అత్తగార్ని ఒక పాత నేత చీర అడగండి. చీర పొడుగు 5.5 మీటర్లు ఉంటుంది కాబట్టి 90 సెంటీమీటర్ల చొప్పున కోస్తే ఆరు ముక్కలొస్తాయి. నాలుగు ముక్కలు పొరలకి, మిగతా రెండు అంచుపట్టీకి. కొయ్యకముందే వేడినీళ్లలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించండి, లేకపోతే బొంతకి బొద్దింకలు పడతాయి. రంగు దిగే చీర అయితే ఇంకోటి అడగండి. గుండీలు, కుచ్చులు పెట్టొద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. నెలల పిల్లలకైతే బొంత కిందే పరవాలి, మీద కప్పకూడదు. టాకాలు మాత్రం మీరే వెయ్యండి, పొరలు జరగకుండా. అవి పడ్డాక చాప మీద పరిచేసి, పక్కన కొవ్వొత్తీ దారం ఎక్కించిన రెండు సూదులూ మూత ఉన్న డబ్బాలో, పాపకి అందని ఎత్తులో పెట్టి, మీరు వంటింట్లోకి వెళ్లండి. మీ అత్తగారికో మావగారికో చేతికి వచ్చిన కుట్టేదో ఒకటి ఉండే ఉంటుంది.