మొదటి మూడు రోజులు ఖాళీగా ఉంచండి

"అక్కా, అమ్మానాన్న జూన్‌లో వస్తున్నారు. నాకు మూడు వారాలు సెలవు దొరికింది. న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా, షికాగో, లాస్ వేగాస్, లాస్ ఏంజిలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో చూపించాలనుకుంటున్నాను. ఎలా ప్లాన్ చేసుకోమంటారు?"

ఏటా ఎండాకాలం దగ్గరపడేసరికి ఎవరో ఒకరు ఇలా అడుగుతూనే ఉంటారు. ఈసారి అడిగినబ్బాయి న్యూజెర్సీలో మా ఎడిసన్‌లోనే ఉంటాడు, వచ్చి ఏడాదిన్నర అయింది. కన్నవాళ్లకి అన్నీ ఒకేసారి చూపించేయాలన్న ఆరాటం నాకు బాగా తెలుసు. మొదటిసారి నేనూ అలాగే తిప్పాను. పదో రోజుకి మా అమ్మ హోటల్ గదిలోంచి బయటికి రానంది.

నేను న్యూజెర్సీ వచ్చి ఇరవై రెండేళ్లయింది. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, పిన్నీ బాబాయిలు, అందరినీ కలిపి ఆరుసార్లు ఊళ్లు తిప్పాను. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే మాట చెప్తాను. మూడు నగరాలు పెట్టుకోండి. దిగాక మూడు రోజులు ఏమీ పెట్టుకోకండి.

హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, లండన్, ఢిల్లీ, ఎక్కడో ఒకచోట మారాలి. తెనాలిలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి మా గుమ్మంలో చెప్పులు విడిచేదాకా మా మామయ్యగారికి ముప్పై గంటలు దాటింది. ఎండాకాలంలో న్యూయార్క్ ఇండియాకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నం మూడయ్యేసరికి అక్కడ రాత్రి పన్నెండున్నర. ఆ వేళకి మీరు వాళ్లని టైమ్స్ స్క్వేర్‌లో నిలబెడితే వాళ్ల కళ్లు తెరుచుకుంటాయా? మొదటి మూడు రోజులూ సాయంత్రం ఎండలో వీధి చివరిదాకా నడిపించండి, రాత్రి తొమ్మిదిదాకా కబుర్లతో మేలుకొని ఉండేలా చూడండి. అంతకు మించి ఏమీ వద్దు. ఇంకో మాట, శాన్‌ఫ్రాన్సిస్కో ఇంకా మూడు గంటలు వెనక. సర్దుకుంటున్న ఒంటిని మళ్లీ కదిలించినట్టవుతుంది. పడమటి తీరాన్ని ఇంకో ప్రయాణానికి ఉంచండి.

టికెట్ రానూపోనూ ఒకే ఊరికి కొనక్కర్లేదు. మల్టీ సిటీ అని ఉంటుంది, న్యూయార్క్‌లో దిగి షికాగోలో ఎక్కేలా చూడండి. చాలాసార్లు ధరలో పెద్ద తేడా ఉండదు, వెనక్కి వచ్చే శ్రమ తప్పుతుంది. శాకాహారులైతే భోజనం ముందే రాయించాలి, అది కూడా సరిగ్గా రాయించాలి. హిందూ మీల్ అని కనిపిస్తే మనదే అనుకుని నొక్కేస్తారు. అది మాంసాహారం. ఏషియన్ వెజిటేరియన్ అని ఉన్నది కావాలి. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చెయిర్ కూడా టికెట్‌తోపాటే అడగండి, విమానాశ్రయానికి వెళ్లాక చూసుకుందాం అనుకోవద్దు.

ఇక అమెరికాలో మొదట దిగే ఊరు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే 2011లో మా అమ్మానాన్న పడ్డ ఇబ్బంది నాకింకా గుర్తుంది. వాళ్లు వేరే ఊళ్లో దిగి, గంటా నలభై ఐదు నిమిషాల్లో మా న్యూజెర్సీలోని న్యూవార్క్‌కి వచ్చే విమానం పట్టుకోవాలి. ఇమిగ్రేషన్ లైన్‌లోనే గంటన్నర పోయింది. చివరి ఊరు ఏదైనా సరే, అమెరికాలో మొదట దిగినచోటే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్టు మీద వేయాలి. ఆ సంగతి నేను వాళ్లకి చెప్పలేదు. పెట్టెలు న్యూవార్క్‌కే వస్తాయనుకుని జనం వెంట నడిచి బయటికి వచ్చేశారు. విమానం వెళ్లిపోయింది. ఆ రాత్రంతా ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. అమ్మ బీపీ మాత్రలు ఆ పెట్టెలోనే ఉండిపోయాయి.

అప్పట్నుంచి ఎవరొచ్చినా ముందుగా తెలుగులో ఒక కాగితం రాసి ఫొటో తీసి పంపిస్తాను. "వేలిముద్రలు తీసుకుంటారు, ఫొటో తీస్తారు. ఎందుకొచ్చారంటే పిల్లల్ని చూడ్డానికి అని చెప్పండి, ఎన్నాళ్లుంటారంటే ఉన్నన్నాళ్లే చెప్పండి. తర్వాత పెట్టెలు మీరే తీసుకోవాలి. తినే వస్తువులున్నాయా అంటే ఉన్నాయనే చెప్పండి. బయటికి రాగానే పెట్టెలు మళ్లీ బెల్టు మీద వేయండి." దాని కింద నా ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో రాస్తాను. మీరూ ఇలాంటిది ఒకటి రాయండి. మాత్రలు మాత్రం చేతిసంచిలో, కొన్న అట్టలతోనే, డాక్టర్ చీటీతో పాటు ఉండాలి. అమెరికాలో మళ్లీ విమానం మారాల్సి ఉంటే కనీసం మూడు గంటల వ్యవధి చూసుకోండి. అబుదాబి మీదుగా అమెరికా విమానం ఎక్కేవాళ్లకి ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, ఇక్కడ దిగాక ఆ లైన్ ఉండదు. అమెరికాలో విమానం మారాల్సిన పెద్దవాళ్లకి అది చాలా సుఖం.

తినే వస్తువుల మాటొచ్చింది కాబట్టి, ఆవకాయ, గోంగూర పచ్చడి, సున్నుండలు గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో పెట్టించండి. కందిపొడి, కారప్పొడులు కూడా అందులోనే, చేతిసంచిలో ఎక్కువ పొడి ఉంటే ఆపి చూస్తారు. చికెన్ పచ్చడి, మాంసం పచ్చడి, పళ్లు, బియ్యం వద్దు. కరివేపాకు కూడా వద్దు. అది నిమ్మ, నారింజ జాతిదే, దాని వెంట ఇక్కడి తోటలకి తెగులు వస్తుందని భయం. తెచ్చినవి ఏవైనా సరే, ఉన్నాయని చెప్పేస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాచితే జరిమానా.

వాళ్లు విమానం ఎక్కకముందే ఆరోగ్య ఇన్సూరెన్స్ కొనేయండి. పాత జబ్బులకి ఎంతవరకు ఇస్తారో ఆ ఒక్క పేజీ మాత్రం మీరు కూర్చుని చదవండి.

న్యూయార్క్‌లో ఇబ్బంది పెట్టేవి మెట్లు. సబ్‌వే, అంటే అక్కడి మెట్రో రైలు, స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు లేదు. మ్యాప్‌లో వీల్‌చెయిర్ గుర్తు ఉన్న స్టేషన్లే చూసుకుని దారి వేసుకోండి. లిబర్టీ విగ్రహం దగ్గరికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి, కిరీటం దాకా ఎక్కాలంటే నెలల ముందే. పెద్దవాళ్లకి అన్ని మెట్లు వద్దు. నేనైతే స్టాటెన్ ఐలాండ్‌కి వెళ్లే పెద్ద పడవ, ఫెర్రీ ఎక్కిస్తాను. టికెట్ లేదు, పాతిక నిమిషాల ప్రయాణం, విగ్రహం పక్కనుంచే వెళ్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు నిలబెట్టండి. ఇంకో రోజు ఫ్లషింగ్ వినాయకుడి గుడికి తీసుకెళ్లండి. దర్శనమయ్యాక కింద క్యాంటీన్‌లో దోసె తినొచ్చు. వారం రోజులు బ్రెడ్డు చూసి విసిగిన మా పిన్ని ఆ సాంబారు రెండోసారి పోయించుకుంది.

వాషింగ్టన్‌కి రైల్లో వెళ్లండి, మూడున్నర గంటలు. అక్కడి స్మిత్‌సోనియన్ మ్యూజియాలన్నీ ఉచితం, విమానాల మ్యూజియానికి మాత్రం ముందుగా వేళ తీసుకోవాలి, దానికీ డబ్బు లేదు. పార్లమెంటు భవనం కాపిటల్ నుంచి లింకన్ మెమోరియల్ కనుచూపు మేరలోనే ఉన్నట్టుంటుంది కానీ మూడు కిలోమీటర్లు పైనే. జులై ఎండలో నడిపించకండి. మన ఎంబసీ ఎదుట గాంధీగారి విగ్రహం ఉంది, అక్కడ ఒక ఫొటో తప్పకుండా తీయండి, ఊళ్లో అందరికీ చూపించుకునేది అదే.

నయాగరా దారిలో పడేది కాదు, కారులో ఆరేడు గంటలు. వెళ్లినా అమెరికా వైపే ఉండండి. వంతెన దాటితే కెనడా, దానికి వేరే వీసా కావాలి.

మూడోది షికాగో అని ఎందుకంటానంటే, 2016లో మా మామయ్యగారితో వెళ్లాను. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అంతకుముందు వారమంతా ఎత్తయిన మేడలు చూపిస్తే "బాగుందమ్మా" అన్నారు, అంతే. మిషిగన్ అవెన్యూలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే చిత్రకళల మ్యూజియం ముందు కారు దిగాక స్తంభం మీద గోధుమరంగు బోర్డు చూపించాను. స్వామి వివేకానంద వే అని ఉంది. 1893 సెప్టెంబర్ 11న స్వామి మాట్లాడింది ఈ భవనంలోనే అని చెప్పాను. ఆనాటి హాలు ఇప్పుడు లేదు, భవనం అదే.

ఆయన మాట్లాడలేదు. కంచు సింహాల మధ్య మెట్ల దగ్గరికి వెళ్లి, చెప్పులు విడిచి, మెట్టుని చేత్తో తాకి కళ్లకద్దుకున్నారు. "నన్నిక్కడ అరగంట వదిలెయ్యమ్మా" అన్నారు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. పదకొండైంది, తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర. ఆయన తన తోటి మాస్టారికి ఫోన్ చేసి, "ఏమయ్యా, నిద్రపోయావా? నేనెక్కడున్నానో చెప్పుకో" అన్నారు. లోపల బొమ్మలు చూడ్డానికి ఆ రోజు మేం వెళ్లనేలేదు. మధ్యాహ్నం నది పొడవునా కట్టడాలు చూపించే పడవ షికారుకి టికెట్లు కొన్నాను. కూర్చునే చూడొచ్చు. ఆయన వాటిని కూడా అప్పుడు శ్రద్ధగా చూశారు.

ఏడు నగరాల ప్లాన్‌లో ఆ అరగంటకి చోటుండదు. అందుకే ఆ అబ్బాయికి ఇలా రాసిచ్చాను. మూడు రోజులు ఇంట్లో. న్యూయార్క్ నాలుగుసార్లు, రోజు విడిచి రోజు, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేలా. వాషింగ్టన్ మూడు రాత్రులు. రెండు రోజులు విశ్రాంతి. షికాగో నాలుగు రాత్రులు, అక్కణ్నుంచే తిరుగు విమానం. హోటల్‌కి కట్టే డబ్బులో కొంత మిగిలితే, ఆ చివరి విమానంలో కాళ్లు చాపుకునే సీట్లకి పెట్టమన్నాను.

టికెట్ కొనేముందు మోకాళ్లు ఎలా ఉన్నాయని అమ్మని అడగమన్నాను. "బాగానే ఉన్నాయి నాయనా" అంటుంది. ఫోన్ నాన్నగారికి ఇమ్మని, ఆయన్ని కూడా అడగమన్నాను.