మ్యాట్ మందం సరే, అతుకుల సంగతి ఎవరూ అడగరేం?

"గ్రాప్లింగ్ జిమ్ పెడుతున్నాను. 20 ఎంఎం మ్యాట్లు సరిపోతాయా, 40 ఎంఎం వేయాలా?" అని అడిగారు. 40 వేయండి. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. 20 ఎంఎం కరాటేకి సరిపోతుందేమో గానీ, గ్రాప్లింగ్ లాంటి, మనిషిని పట్టుకుని ఎత్తి పడేసే ఆటకి చాలదు. కానీ నాకు ఫోన్ చేసే ప్రతివాళ్ళూ ఈ ఎంఎం లెక్కే అడుగుతారు, అతుకుల గురించి ఒక్కరూ అడగరు. నా దగ్గర ఒక కుర్రాడు మూడు నెలలు ఇంట్లో కూర్చున్నది మందం తక్కువై కాదండి, అతుకు వల్ల.

అప్పుడు గాజువాకలో ఒక మేడ మీద రేకుల షెడ్డులో జూడో, జుజిట్సు నేర్పేవాణ్ణి. ఎనిమిది మీటర్లు బై ఆరు మీటర్ల జాగా. చేతిలో డబ్బుల్లేవు. తైక్వాండో క్లాసు మూసేస్తున్న ఒకాయన దగ్గర ఫోమ్ మ్యాట్లు కొన్నాను. మీటరు బై మీటరు ముక్కలు, అంచుల్లో పళ్ళుంటాయే, ఒకదాంట్లో ఒకటి ఇరికించేవి, అవి. 25 ఎంఎం, మొత్తం 48 ముక్కలు, ఎరుపూ నీలమూ. కింద నున్నటి టైల్స్. పరిచాక ముచ్చటేసి ఫొటోలు కూడా దిగాం.

జూన్ నెల, వాన పడీ పడక ఉక్కపోత. ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకి దిగారు. ఒకడు తల దించి, అవతలివాడి రెండు కాళ్ళూ పట్టుకోడానికి దూసుకెళ్ళాడు. వెనక కాలితో గట్టిగా నేలని తన్నాడు. ఆ తన్నుకి వాడి కాలికింది ముక్క వెనక్కి జరిగింది. పక్క ముక్కకీ దానికీ మధ్య రెండు వేళ్ళ సందు. బొటనవేలు అందులో దిగిపోయింది. ఒళ్ళంతా ముందుకెళ్ళింది, వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది. మోకాలు మెలి తిరగడం నేను చూశాను. చూశాను గానీ, "ఆగు" అనేలోపే అయిపోయింది. వాడు అరవలేదు. కూర్చుని, పైకి లేచిన గోరుని చూసుకుంటూ "మాస్టారూ, మ్యాట్ జరిగిపోయింది" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

గోరు సంగతి పోనీండి, మోకాలి లిగమెంటు చిరిగింది. వాళ్ళమ్మ వచ్చి "ఏటి మాస్టారూ, ఆటకి పంపితే కాలు ఇరగ్గొట్టి పంపుతారా?" అంది. ఏం చెప్పను? మ్యాట్ 25 ఎంఎం అమ్మా అనా?

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఎనిమిది బై ఆరు జాగాలో మీటరు ముక్కలు పరిస్తే మధ్యలో 82 మీటర్ల అతుకులు వస్తాయి. అదే తతామీలు, అంటే జూడోకి వేసే గట్టి మ్యాట్లు, ఒకటి బై రెండు మీటర్లవి వేస్తే 58. ఒకటిన్నర మీటరు వెడల్పున్న రోల్ మ్యాట్లు నాలుగు పొడుగ్గా పరిస్తే 24. వేలు ఇరుక్కునే చోటు మూడో వంతు కన్నా తక్కువకి పడిపోయింది. టీవీలో రెజ్లింగ్ పోటీలు చూసే ఉంటారు, 9 మీటర్ల వలయం ఉంటుంది. దాని కింద కూడా ముక్కలే. పైన ఒకటే కవరు లాగి బిగిస్తారు, అందుకే కాలికి అతుకు తగలదు.

నేనూ చివరికి ఆ దారే పట్టాను. పరుపుల షాపులో రీబాండెడ్ ఫోమ్, అంటే ఫోమ్ తుక్కుని నొక్కి అతికించింది, 40 ఎంఎంది, గట్టిది చూసి తెచ్చాను. చుట్టూ గోడలకి ఆనించి చెక్క రీపర్లు బిగించి, ఫోమ్ కదలకుండా కూరాను. లారీలకి టార్పాలిన్లు చేసే షాపులో మొత్తం జాగాకి ఒకటే కవరు చేయించాను. కుట్టొద్దు, వేడితో అతికించమని మరీ మరీ చెప్పాను, కుట్టు ఉంటే మోచేతులు గీసుకుపోతాయి. షాపాయన "ఏ బండికి సార్?" అని రెండుసార్లు అడిగాడు.

మెత్తగా ఉంటే మంచిది అనుకోకండి. మెత్తటి దాంట్లో పాదం దిగబడుతుంది, తిరగబోతే చీలమండ మెలిపడుతుంది. కొనేముందు ఒక్క మోకాలి మీద బరువంతా వేసి కూర్చోండి. కింద నేల తగిలితే ఆ సరుకు వద్దు. అమ్మేవాళ్ళు అన్నిటినీ "ఇంపోర్టెడ్" అంటారు, ఎక్కణ్ణుంచి అంటే నవ్వుతారు. తతామీ మీద చాపలాంటి గరుకుంటుంది, కాలికి పట్టు బాగుంటుంది. కానీ జూడో కోటు లేకుండా టీషర్టుల్లో ఆడేవాళ్ళ మోకాళ్ళు ఎర్రబడతాయి. నున్నటి రెక్సిన్ ఒంటికి హాయి, చెమట పడితే మాత్రం జారుతుంది. మీ దగ్గర ఏ ఆట ఎక్కువో చూసుకోండి.

పాత మ్యాట్లు ఎత్తినప్పుడు కింద చూసింది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. అతుకుల్లోంచి దిగిన చెమట, తుడిచిన నీళ్ళు, వాటి మీద నల్లటి బూజు. తడిసిన గోనెసంచి కంపు. పిల్లలకి తామర ఎక్కణ్ణుంచి వస్తోందో అని తలలు పట్టుకున్నాం, నాకూ మెడ మీద వచ్చింది. సముద్రం పక్క ఊళ్ళో ఉన్నారా, నెలకోసారి మ్యాట్ ఎత్తి ఆరబెట్టాల్సిందే. ఫినాయిలు వద్దు, ఘాటు వాసన, పైగా జారుడు. నీళ్ళలో కాస్త బ్లీచ్ కలిపి, ప్రతి క్లాసు అయ్యాక తుడవండి.

మా షెడ్డుకి ఒక పెద్దాయన వచ్చేవారు, "మేం మట్టిలో ఆడాం, మీకివన్నీ ఎందుకు" అంటూ. అయ్యా, ఆ మట్టిని రోజూ తవ్వి గుల్ల చేసేవారు, జల్లించేవారు, నూనె, పసుపు, మజ్జిగ కలిపేవారు. మా మ్యాట్‌కి మేం చేసేదానికన్నా అది ఎక్కువ సేవ. అయినా మట్టిలో పెరిగిన కుస్తీ వీరుడు ఖాషాబా జాదవ్‌కి 1948 లండన్ ఒలింపిక్స్‌లో మ్యాట్ మీద ఆడటం కొత్త. ఆరో స్థానంతో వచ్చారు. మ్యాట్‌కి అలవాటుపడి 1952 హెల్సింకీలో కాంస్యం తెచ్చారు. కాలికింద ఏముందన్నది చిన్న విషయమేం కాదు.

ఇంతకీ ఆ ఎరుపూ నీలం ముక్కలు అమ్మలేదు. మేడ మెట్ల దగ్గర చెప్పులు విడిచేచోట పరిచాను. ఇప్పుడు వాటి మీదికి కూడా చెప్పులతోనే ఎక్కుతున్నారు.