విదేశీ పార్సిల్, పది శాతం పన్ను: ఆస్ట్రేలియా పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా నుంచే. అందుకని లెక్కలన్నీ ఆస్ట్రేలియా డాలర్లలో ఇచ్చాం. వేరే దేశాల సంగతి వచ్చిన చోట ఆ మాట చెప్పాం.)

ప్రశ్న: అమెరికా సైట్లో 300 డాలర్ల సరుకు కొంటే పది శాతం జీఎస్టీ వేశారు. మంగళగిరి చీరలమ్మే చిన్న దుకాణం సైట్లో అంతే ఖరీదుకు కొంటే ఏమీ వేయలేదు. ఎవరు చేసింది తప్పు? – మెల్‌బోర్న్ పాఠకురాలు

జవాబు: ఇద్దరూ సరిగ్గానే చేశారండీ. 2018 జులై 1 నుంచి వెయ్యి డాలర్లు, అంతకు లోపు విలువ చేసే విదేశీ సరుకు మీద జీఎస్టీని కస్టమ్స్ వాళ్లు కాదు, అమ్మేవాళ్లే బిల్లులో వసూలు చేయాలి. అయితే ఈ బాధ్యత అందరికీ లేదు. ఆస్ట్రేలియా కొనుగోలుదారులకు పన్నెండు నెలల్లో 75,000 డాలర్లు, ఆపైన అమ్మకం ఉన్నవాళ్లే రిజిస్టర్ కావాలి. మీ చీరల దుకాణం ఆ మెట్టు ఎక్కి ఉండదు. అలాంటి దుకాణం నుంచి వచ్చే వెయ్యి లోపు పార్సిల్ మీద కస్టమ్స్ దగ్గర కూడా పన్ను పడదు.

అదే దుకాణం అదే చీరను ఏదైనా పెద్ద ఆన్‌లైన్ మార్కెట్ ద్వారా అమ్మితే మీకు పన్ను పడుతుంది. అక్కడ చట్టం దృష్టిలో అమ్మేది ఆ మార్కెట్టే. అమ్మకం లెక్క కూడా దాని మొత్తం వ్యాపారం మీదే చూస్తారు. కాబట్టి పన్ను పడలేదని అనుమానపడేముందు డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లిందో చూసుకోండి.

ప్రశ్న: బిల్లు మొత్తం 220 డాలర్లు, 'జీఎస్టీ కలిపి' అని ఉంది. అందులో పన్ను 22 డాలర్లేనా? – జీలాంగ్

జవాబు: 20. పన్ను కలిసిన ధరను 11తో భాగిస్తే పన్ను వస్తుంది. పదో వంతు తీస్తే పన్ను మీద కూడా పన్ను లెక్కేసినట్టు అవుతుంది. రవాణా ఖర్చు కూడా అమ్మేవాళ్లే వసూలు చేస్తే దాని మీదా పది శాతం ఉంటుంది. '200 వస్తువు, 20 రవాణా, 22 పన్ను' అని బిల్లు వస్తే కంగారు పడకండి, అదీ సరైన లెక్కే.

ప్రశ్న: వెయ్యి దాటితే ఎలా? ఇటలీ నుంచి 1,200 డాలర్ల తోలు జాకెట్టు తెప్పిస్తున్నాను. రవాణా, ఇన్సూరెన్స్ కలిపి 150. సుంకం 5, జీఎస్టీ 10, మొత్తం 15 శాతం కట్టి పెట్టుకుంటే సరిపోతుందా? – సిడ్నీ

జవాబు: పదిహేను శాతం అని ఒక్కసారి లెక్క కట్టకండి. రెండు పన్నులకూ ఆధారం వేరు.

ముందు సుంకం. ఆస్ట్రేలియాలో సుంకాన్ని సరుకు ఎగుమతి దేశంలో ఉన్నప్పటి విలువ మీదే వేస్తారు. ఇక్కడిదాకా తెచ్చిన ఖర్చు అందులో కలపరు. మీ జాకెట్టుకు 5 శాతం పడుతుందనుకుంటే 1,200 మీద 60 డాలర్లు.

తర్వాత జీఎస్టీ. దీనికి మాత్రం అన్నీ కలుస్తాయి: 1,200 సరుకు, 60 సుంకం, 150 రవాణా, ఇన్సూరెన్స్. మొత్తం 1,410. పది శాతం అంటే 141. మీరు కట్టేది 60 + 141 = 201 డాలర్లు. సరుకు ధర మీద 15 శాతం అనుకుని 180 పక్కన పెట్టుకుంటే 21 తక్కువ పడేవి.

దీనికి తోడు దిగుమతి డిక్లరేషన్‌కు ప్రాసెసింగ్ రుసుము ఉంటుంది. కొరియర్ కంపెనీ మీ తరఫున డిక్లరేషన్ వేస్తే దాని సర్వీసు చార్జి వేరు. చాలామంది వీటిని కూడా పన్ను కింద జమకట్టి 'పన్ను దారుణం' అంటుంటారు. కొరియర్ చార్జి ప్రభుత్వానికి వెళ్లేది కాదు. డిక్లరేషన్ మీరే వేసుకుంటే అది మిగులుతుంది, కానీ గుర్తింపు పత్రాలు చూపించి, సరుకుకు సరైన టారిఫ్ కోడ్ (ఏ రకం సరుకుకు ఎంత సుంకమో చెప్పే నంబరు) మీరే వెతుక్కోవాలి. ఒక్క జాకెట్టు కోసం ఆ శ్రమ దండగని మా అభిప్రాయం. తరచూ తెప్పించేవాళ్లయితే నేర్చుకోవచ్చు.

ఇంకొకటి. వెయ్యి దాటిందా లేదా అని చూసేది కూడా సరుకు విలువనే. 980 డాలర్ల సరుకుకు 90 రవాణా పడితే బిల్లు 1,070 అయినా అది వెయ్యి లోపు పార్సిలే. రవాణాను విడిగా చూపించని బిల్లు అయితే ఇక్కడే తంటా వస్తుంది. అమ్మేవాళ్లను రెండూ విడివిడిగా రాయమని అడగండి.

కొన్నది యూరోల్లో కాబట్టి మారకం రేటు సంగతీ చెప్పాలి. కస్టమ్స్ వాళ్లు సరుకు ఎగుమతి అయిన రోజు రేటు తీసుకుంటారు. మీ కార్డు బ్యాంకు వేసిన రేటు వాళ్లకు పట్టదు. 990 దగ్గర ఊగిసలాడే ఆర్డరైతే ఆ తేడాకే గీత దాటవచ్చు.

ప్రశ్న: ఒకే సైట్లో 600 డాలర్ల వాచీ, 550 డాలర్ల బ్యాగు కొన్నాను. రెండింటికీ బిల్లులోనే జీఎస్టీ వేశారు. ఒకే డబ్బాలో పంపారు. ఇప్పుడు కొరియర్ వాళ్లు మళ్లీ జీఎస్టీ అడుగుతున్నారు. – అడిలైడ్

జవాబు: అమ్మేవాళ్లు ఒక్కో వస్తువు విలువ చూసి పన్ను వేశారు. కస్టమ్స్ వాళ్లు డబ్బా మొత్తం చూశారు, 1,150. వెయ్యి దాటింది కాబట్టి డిక్లరేషన్, సుంకం, పన్ను అన్నీ వచ్చాయి. సుంకం ఎలాగూ తప్పదు. జీఎస్టీ మాత్రం రెండుసార్లు కట్టనక్కర్లేదు.

డిక్లరేషన్ ఖరారు కాకముందే కొరియర్‌కు బిల్లు పంపండి. దాని మీద ఏ వస్తువుకు ఎంత జీఎస్టీ వేశారో, అమ్మేవాళ్ల ఆస్ట్రేలియా పన్ను రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటో ఉండాలి. పన్ను ముందే కట్టినట్టు డిక్లరేషన్‌లో నమోదు చేయడానికి వీలుంది. నంబరు లేని బిల్లు అయితే కొరియర్ వాళ్లు ఒప్పుకోరు. అది వాళ్ల మొండితనం కాదు, నమోదుకు ఆ నంబరు కావాలి.

ఇప్పటికే కట్టేసి ఉంటే, వాపసు అడగాల్సింది అమ్మేవాళ్లను. కస్టమ్స్‌లో జీఎస్టీ కట్టిన రుజువు చూపిస్తే బిల్లులో వేసిన పన్ను వాళ్లు తిరిగి ఇవ్వాలి.

ప్రశ్న: గుంటూరులో అమ్మానాన్నలు పెళ్లి పట్టుచీర కొని పంపిస్తామంటున్నారు. గిఫ్ట్ అని రాస్తే పన్ను ఉండదట కదా? – పెర్త్

జవాబు: వెయ్యి లోపు అయితే ఉండదు. దానికి గిఫ్ట్ అన్న మాటతో పని లేదు. వెయ్యి దాటితే గిఫ్ట్ అయినా, కొన్నదైనా లెక్క ఒకటే. 'గిఫ్ట్, విలువ సున్నా' అని రాయడం వల్ల ఒరిగేదేమీ లేకపోగా, పార్సిల్ ఆపి బిల్లు చూపించమంటారు. కావాలని విలువ తగ్గించి రాస్తే నేరం. నిజమైన ధర రాయించి, దుకాణం బిల్లు నకలు లోపల పెట్టించండి.

1,400 డాలర్ల చీర, 60 డాలర్ల రవాణా అనుకుందాం. 5 శాతం సుంకం పడే వర్గమైతే 70. జీఎస్టీ 1,530 మీద 153. మొత్తం 223. భారత్, ఆస్ట్రేలియాల మధ్య 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద భారత్‌లో తయారైన సరుకుకు సుంకం లేకుండా చేసుకోవచ్చు. అప్పుడు 1,460 మీద 146 జీఎస్టీ ఒక్కటే. ఆ 77 డాలర్లు మిగలాలంటే సరుకు భారత్‌లోనే తయారైందని చూపే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కావాలి. ఒక్క చీర కోసం ఏ దుకాణమూ తెచ్చిపెట్టదు. ఎగుమతులు అలవాటున్న సంస్థనైతే అడిగి చూడండి.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో లేదు గానీ చెప్పాలి. ఎగుమతి మీద భారత్ జీఎస్టీ ఉండదు. దుకాణమే నేరుగా మీకు ఎగుమతి చేస్తే చీర మీది 5 శాతం వేయకుండా బిల్లు ఇవ్వగలదు. అమ్మానాన్నలు గుంటూరులో కొని కొరియర్‌లో వేస్తే అక్కడి పన్ను కట్టేసినట్టే, తిరిగి రాదు.

పార్సిల్‌లో కొండపల్లి బొమ్మలు కూడా పెడితే, కొయ్య కాబట్టి జీవభద్రతా తనిఖీకి (పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసేది) ఆపవచ్చు. దానికీ పన్నుకీ సంబంధం లేదు. పొగాకు, మద్యం మాత్రం వెయ్యి లోపు మినహాయింపు కిందికి రావు.

ప్రశ్న: ఆక్లాండ్‌లో, సింగపూర్‌లో కూడా ఇంతేనా? – ఇద్దరు పాఠకులు

జవాబు: పద్ధతి దగ్గరగానే ఉంటుంది, అంకెలు వేరు. న్యూజీలాండ్‌లో జీఎస్టీ 15 శాతం, హద్దు వెయ్యి న్యూజీలాండ్ డాలర్లు, 2019 డిసెంబరు 1 నుంచి. పన్ను కలిసిన ధరను 23తో భాగించి 3తో గుణిస్తే అందులోని పన్ను తెలుస్తుంది. 230లో 30 అన్నమాట.

సింగపూర్‌లో 2024 జనవరి 1 నుంచి 9 శాతం. 400 సింగపూర్ డాలర్ల వరకు, రిజిస్టరైన అమ్మకందారే వసూలు చేస్తారు. 400 దాటితే కస్టమ్స్ దగ్గర, రవాణా, ఇన్సూరెన్స్ కలిపి లెక్క. 500 సరుకుకు 40 రవాణా అయితే 540 మీద 48.60.

ప్రశ్న: తెలుగు సినిమాల యాప్ చందాకు కూడా పది శాతం తీసుకుంటున్నారు. పార్సిలే రాదు కదా? – బ్రిస్బేన్

జవాబు: విదేశాల నుంచి వచ్చే డిజిటల్ సేవల మీద జీఎస్టీ 2017 జులై 1 నుంచే ఉంది, సరుకు కంటే ఏడాది ముందు నుంచి. దీనికి వెయ్యి డాలర్ల గీత లేదు.